వెళ్ళినవాడు యూదా అవుతాడా?



మా విచారణలో పదిహేనేళ్ళపాటు హార్మోనియం వాయించిన ఒకాయన పోయిన సంవత్సరం పొరుగు విచారణకు వెళ్ళిపోయాడు. అక్కడ కొత్తగా గుడి కట్టారు. గాయక బృందాన్ని తయారుచేసే మనిషి కావాలన్నారు, నెలకు ఇంత అని జీతం కూడా మాట్లాడారు. మా దగ్గర ఆయనకు ముట్టినది క్రిస్మస్‌కు ఒక పంచె, ఈస్టరుకు ఒక కవరు, అంతే. ఆయన వెళ్ళిన తరువాతి ఆదివారం పూజ ముగిసి బయటికి వస్తుంటే విచారణ పెద్ద ఒకరు నా పక్కన నడుస్తూ, "చూశారా సార్, ముప్పై వెండి నాణేలకు యూదా ఏం చేశాడో మనవాడూ అదే చేశాడు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాక మాత్రం అన్నం సయించలేదు.

యూదా అన్న పేరు మనం పిల్లలకు పెట్టుకోం. ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురు పేరును రాయప్ప అని ఎంతో ముద్దుగా పెట్టుకుంటాం. శ్రీసభను హింసించిన సౌలు మన ఇళ్ళలో చిన్నప్ప అయ్యాడు. యూదాకు మాత్రం ఆ భాగ్యం లేదు. పాపం, అదే పేరు మోసిన మరో అపోస్తలుడు తదేయు గారికి కూడా ఆ పేరువల్ల ఎంతో కాలం భక్తులు కరువయ్యారని చెబుతారు. అటువంటి పేరును, జీతం కోసం హార్మోనియం సర్దుకుని పోయిన మనిషికి అంటగట్టవచ్చునా? ఈ ప్రశ్న వేసుకోగానే నాకు లండన్ నగరపు ఫుట్‌బాల్ ఆటగాడొకడు గుర్తుకొచ్చాడు. మా అబ్బాయికి ఆ ఆటంటే పిచ్చి. వాడివల్ల నాకూ కొంత అంటుకుంది. ఆ ఆటగాడిని వేలమంది ఏకకంఠంతో, ఏళ్ళ తరబడి, ఈ పేరుతోనే పిలిచారు.

అతని పేరు సోల్ కాంప్‌బెల్. జమైకా ద్వీపం నుంచి ఇంగ్లండుకు వచ్చి స్థిరపడిన కుటుంబం. తండ్రి రైల్వేలో పనిచేశాడు. ఇంట్లో 12 మంది సంతానం, అందరిలోకీ చివరివాడు ఇతను. 1974లో తూర్పు లండన్‌లో పుట్టాడు. కుర్రతనంలోనే టాటెన్‌హామ్ క్లబ్బులో చేరి, 1992 డిసెంబరులో చెల్సీ జట్టుమీద మొదటి ఆట ఆడాడు. ఆ తరువాత దాదాపు తొమ్మిదేళ్ళు ఆ క్లబ్బు రక్షణ పంక్తికి అతనే వెన్నెముక. కెప్టెన్ కూడా అయ్యాడు. 1999లో వెంబ్లీ మైదానంలో లీసెస్టర్ జట్టును ఓడించి లీగ్ కప్పు గెలిచినప్పుడు దాన్ని పైకెత్తినవాడు అతనే.

ఇక్కడ డిఫెండర్ పని గురించి కొంచెం చెప్పాలి. గోలు కొట్టే ఫార్వర్డ్ ఆటగాడి లెక్క పుస్తకంలో ఉంటుంది. ఫలానావాడు ఇన్ని గోల్స్ కొట్టాడని మనుమలకు కూడా చెప్పుకుంటారు. డిఫెండర్ పని గోలు పడకుండా చూడడం. అతను తన పని చక్కగా చేసినప్పుడు ఏమీ జరగదు. అవతలివాడు పరుగెత్తుకు వస్తాడు, ఇతను రెండడుగులు ముందే అక్కడ నిలబడి ఉంటాడు, బంతి పక్కకు పోతుంది, జనం పకోడీలు తింటూ ఉంటారు. జరగని కీడును లెక్క రాసే పద్దు ఎక్కడా లేదు. మన ఇళ్ళలో తల్లులకు ఇది బాగా తెలుసు. నూతిలో పడని పిల్లవాడి గురించి, మాడని కూర గురించి ఆ తల్లిని ఎవరూ మెచ్చుకోరు. కనుక డిఫెండర్‌కు గుర్తింపు వచ్చేది ఎక్కువగా తప్పు చేసినప్పుడే. కాంప్‌బెల్ తొమ్మిదేళ్ళు అడ్డుకున్న గోల్స్ ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. అతను వెళ్ళిన రోజు మాత్రం అందరికీ జ్ఞాపకం.

ఆ రోజు 2001 జూలై నెల మొదటివారంలో వచ్చింది. టాటెన్‌హామ్‌తో అతని కాంట్రాక్టు ముగిసింది. కొత్త కాంట్రాక్టు ఇస్తామన్నారు, అతను సంతకం చేయలేదు. ఆర్సెనల్ క్లబ్బు పత్రికలవారిని పిలిస్తే, కొత్తగా తీసుకున్న గోల్ కీపర్‌ను చూపిస్తారనుకుని విలేకరులు వెళ్ళారు. తలుపు తెరుచుకుని వచ్చినవాడు సోల్ కాంప్‌బెల్! విలేకరులు నోరు తెరిచారట.

ఆర్సెనల్ అంటే టాటెన్‌హామ్‌కు పక్కింటి శత్రువు. అప్పటి రెండు మైదానాల మధ్య దూరం సుమారు 4 మైళ్ళు. నిజానికి ఆర్సెనల్ ఉత్తర లండన్ క్లబ్బే కాదు. థేమ్స్ నదికి దక్షిణాన ఉలిచ్ ప్రాంతంలో పుట్టి, 1913లో ఇల్లు మార్చుకుని టాటెన్‌హామ్ పొరుగుకు వచ్చింది. 1919లో మొదటి డివిజన్‌లో టాటెన్‌హామ్ నిలుపుకోవాలనుకున్న చోటును ఓటింగులో ఎగరేసుకుపోయింది. పగ అక్కడినుంచి ముదిరింది. ఇల్లు మార్చిన క్లబ్బును వందేళ్ళుగా నెత్తిన పెట్టుకున్న జనం ఉన్నారు. అదే పని ఒక మనిషి చేస్తే ద్రోహం అయింది. ఈ తిరకాసు నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

అదే ఏడాది నవంబరు 17న ఆర్సెనల్ ఆటగాడిగా అతను టాటెన్‌హామ్ మైదానంలో అడుగుపెట్టాడు. యూదా పేరు రాసిన బెలూన్లు ఎగిరాయి. అతని కాలికి బంతి తగిలినప్పుడల్లా మైదానమంతా అరుపులు. ఆట చెరో గోలుతో సమానంగా ముగిసింది. అరుపులు మాత్రం ముగియలేదు. ఏడేళ్ళ తరువాత, 2008 సెప్టెంబరులో, అతను ఆర్సెనల్ వదిలి పోర్ట్స్‌మత్ క్లబ్బుకు ఆడుతున్న రోజుల్లో కూడా టాటెన్‌హామ్ అభిమానులు కొందరు అతన్ని ఉద్దేశించి ఎంత నీచమైన పాటలు పాడారంటే, పోలీసులు కేసులు పెట్టారు. కొందరు కోర్టులో దోషులుగా తేలి, మైదానాలకు రాకుండా నిషేధం పొందారు. ఆ మాటలు కుటుంబాలు చదివే ఈ పత్రికలో రాయదగినవి కావు.

సరే, ఇంతకీ అతను చేసిన తప్పేమిటి? అభిమానుల పక్షాన కూడా న్యాయంగా ఆలోచిద్దాం. వారి ఫిర్యాదులు రెండు. మొదటిది, అతను ఉంటాడనే ఆశ తమకు కలిగించి చివరికి శత్రువు ఇంటికి వెళ్ళాడని. రెండవది, తమ క్లబ్బు పెంచి పెద్దచేసిన ఆటగాడికి బదులుగా క్లబ్బుకు ఒక్క పైసా రాలేదని.

రెండవదాన్ని ముందు చూద్దాం. ఒకప్పుడు ఇంగ్లండులో కాంట్రాక్టు ముగిసినా క్లబ్బు అనుమతి లేకుండా ఆటగాడు కదలడానికి వీలుండేది కాదు. 1961 వరకు వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న నియమం కూడా ఉండేది. జార్జ్ ఈస్టమ్ అనే ఆటగాడు కోర్టుకెక్కితే, 1963లో న్యాయమూర్తి ఆ కట్టుబాటు అన్యాయమని తీర్పు చెప్పారు. అయినా కాంట్రాక్టు ముగిసినవాడికోసం కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు సొమ్ము చెల్లించే పద్ధతి మిగిలింది. బెల్జియం దేశంలో జాన్ మార్క్ బోస్మన్ అనే ఆటగాడు 1990లో తన కాంట్రాక్టు అయిపోయాక ఫ్రాన్సులోని మరో క్లబ్బుకు వెళ్ళబోతే, పాత క్లబ్బు సొమ్ము కోసం పట్టుబట్టి ఆపింది. అతను అయిదేళ్ళు పోరాడాడు. 1995 డిసెంబరు 15న ఐరోపా న్యాయస్థానం అతని పక్షాన తీర్పు ఇచ్చింది. పోరాటంలో అతని ఆటగాడి జీవితం మాత్రం ముగిసిపోయింది. ఆ తీర్పు ఫలం తిన్నవాళ్ళలో కాంప్‌బెల్ ఒకడు.

పనివాడు తన ఒప్పందం పూర్తిచేశాక స్వేచ్ఛగా వెళ్ళవచ్చునన్నది మామూలు న్యాయం. మన పెద్దలు పాలేరుతనం చేసిన రోజుల్లో అప్పు తీరేవరకు ఆసామి గడప దాటకూడదన్న కట్టడి ఉండేది. అది ఎంత దుర్మార్గమో మనకు వేరే చెప్పనక్కరలేదు. గడప దాటడానికి వీలులేనివాడు ఇంట్లో ఉంటే దాన్ని విశ్వాసం అనము. కట్టివేసిన గొడ్డు ఎక్కడికీ పోదు.

మన హైదరాబాదు ఆటగాళ్ళ సంగతి చూడండి. ఒకప్పుడు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ మైదానాల్లో పెరిగిన ఎందరో కలకత్తా క్లబ్బులకు వెళ్ళారు. డిఫెండర్ సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కూ ఆడాడు, దాని బద్ధశత్రువు మోహన్ బగాన్‌కూ ఆడాడు, మహమ్మదన్ స్పోర్టింగ్‌కూ ఆడాడు. 1970 ఆసియా క్రీడల్లో మన దేశానికి కాంస్య పతకం తెచ్చిన జట్టుకు అతనే కెప్టెన్. హైదరాబాదులో ఎవరైనా అతన్ని ద్రోహి అన్నారా? మనవాడు పైకొచ్చాడని చెప్పుకున్నాం. మన ఇంటి పిల్లవాడు కువైట్‌కో, అమెరికాకో వెళితే తిరునాళ్ళకు మిఠాయి పంచుతాం. ఇంకొకరి ఇంటి పిల్లవాడు మనల్ని వదిలి వెళితే సువిశేషం గుర్తుకొస్తుంది.

ఇక మొదటి ఫిర్యాదు. దీనిలో కొంత బలం ఉందని నా అభిప్రాయం. వెళ్ళడం తప్పు కాదు. కానీ నీమీద మనసు పెట్టుకున్నవాళ్ళకు ఆ సంగతి తలుపు చాటునుంచి వచ్చిన విలేకరి చెప్పకూడదు. జీతం మాటలు గుట్టుగా సాగుతాయి, నిజమే. ఆటగాడు ప్రతిదీ బజారులో చెప్పలేడు, అదీ నిజమే. అయినా తొమ్మిదేళ్ళు తన పేరు పిలిచి పాడినవాళ్ళకు, వారం ముందు ఒక్క మాట, "నేను ఉండబోవడం లేదు" అని చెప్పి ఉంటే బాగుండేది. అరుపులు తగ్గేవని కాదు. ఎక్కువయ్యేవేమో కూడా. మనిషి బాకీ అరుపులతో తగ్గేది కాదు కదా.

అయినా ఆ పేరు అతనికి తగదు. యూదా తప్పు వెళ్ళిపోవడం కాదు. సువిశేషాలు జాగ్రత్తగా చదివితే ప్రభువును విడిచి వెళ్ళినవాళ్ళు చాలామంది కనిపిస్తారు. కఫర్నాములో జీవాహారం గురించి బోధించినప్పుడు, ఈ మాట కఠినమైనదని శిష్యులు అనేకులు వెనుదిరిగారు. ఆయన వారిని తిట్టలేదు, వెనుక నుంచి రాయి విసరలేదు. పన్నెండుమంది వైపు తిరిగి, మీరూ వెళ్ళదలచుకున్నారా అని అడిగాడు. తలుపు తెరిచి పెట్టాడు. యూదా ఆ తెరిచిన తలుపునుంచి వెళ్ళలేదు. లోపలే ఉన్నాడు, అదే పాత్రలో చేయి ముంచాడు, ముద్దు పెట్టాడు, మనిషిని చావుకు అప్పగించాడు. వెళ్ళిపోయి ఉంటే యూదా ఆ నేరం చేసి ఉండేవాడు కాదు! ఈ సంగతి నాకు తట్టినప్పుడు చాలాసేపు పుస్తకం మూయలేదు.

ఇంకొక విచిత్రం. కాంప్‌బెల్ పూర్తి పేరులో మధ్య పేరు యిర్మీయా. ఆ ప్రవక్త కథ గుర్తుందా? యెరూషలేము ముట్టడి కొంత సడలినప్పుడు ఆయన సొంత పనిమీద బెన్యామీను ద్వారం గుండా బయటికి పోతుంటే, కావలివాడు పట్టుకుని, శత్రువుల పక్షం చేరడానికి పోతున్నావని నింద వేశాడు. అది అబద్ధమని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. కొట్టి చెరలో వేశారు. ద్వారం దాటేవాడు ఎందుకు దాటుతున్నాడో అడగకుండానే తీర్పు చెప్పడం చాలా పాత అలవాటు. ఆటగాడు ప్రవక్త అని నేను అనడం లేదు. ఆర్సెనల్ అతనికి మంచి జీతమే ఇచ్చింది.

వెళ్ళిన తరువాత అతని కథ ఎలా సాగిందో కూడా చూడాలి. తొలి ఏడాదే లీగ్, ఎఫ్.ఎ. కప్పు రెండూ వచ్చాయి. 2003-04లో ఆర్సెనల్ 38 లీగ్ ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. ఆ లీగ్ గెలిచినట్లు ఖాయమైనది ఎక్కడో తెలుసా? 2004 ఏప్రిల్ 25న టాటెన్‌హామ్ మైదానంలోనే. అంతా విజయమే అనుకోకండి. 2006 ఫిబ్రవరి 1న వెస్ట్ హామ్‌తో ఆటలో వరుసగా పొరపాట్లు చేసి, విరామ సమయంలో మైదానం విడిచి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు క్లబ్బుకు కనిపించలేదు. అంత పెద్ద దేహంగల మనిషి లోపల ఏం మోస్తున్నాడో అప్పటివరకు ఎవరూ అడిగినట్లు లేదు. అదే ఏడాది మే నెలలో ప్యారిస్‌లో ఐరోపా క్లబ్బుల అంతిమ పోటీలో బార్సిలోనామీద తలతో గోలు కొట్టాడు. ఆట 2-1తో ఓడిపోయారు. అతని గోలు ఒక్కటే తన పక్షాన మిగిలింది.

తరువాత పోర్ట్స్‌మత్‌కు వెళ్ళాడు. 2008లో కెప్టెన్‌గా ఎఫ్.ఎ. కప్పు ఎత్తాడు. 2009లో నాట్స్ కౌంటీ అనే చాలా చిన్న స్థాయి క్లబ్బుతో అయిదేళ్ళ ఒప్పందం చేసుకుని, ఒకే ఒక్క ఆట ఆడి, అదీ ఓడి, వెళ్ళిపోయాడు. క్లబ్బువారు చూపిన డబ్బు ఆశలు వట్టివని తరువాత తేలింది. అయినా చూడండి, ఒప్పందం పూర్తిచేసి వెళ్ళినప్పుడు యూదా అన్నారు. అయిదేళ్ళ ఒప్పందాన్ని ఒక్క ఆటతో వదిలినప్పుడు అంత గొడవ లేదు. మరి మనకు కోపం తెప్పించేది మాట తప్పడమా, లేక మన పగవాడి ఇంటికి వెళ్ళడమా? 2010 జనవరిలో ఆర్సెనల్ అతన్ని మళ్ళీ తీసుకుంది, ఆ తరువాత న్యూకాసిల్‌కు ఆడి, 2012లో ఆట మానుకున్నాడు.

ఉండిపోయినవారి గొప్పతనాన్ని తక్కువచేయాలని నేను ఇది రాయడం లేదు. ఇటలీలో ఫ్రాంకో బరేజీ అనే డిఫెండర్ ఉండేవాడు. చిన్నతనంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. అన్నను మిలాన్ నగరంలో ఇంటర్ క్లబ్బు తీసుకుంది, ఇతన్ని మరీ చిన్నగా ఉన్నాడని వద్దంది. ఎ.సి. మిలాన్ చేరదీసింది. 1980లో పందేల కుంభకోణంలో క్లబ్బు అధ్యక్షుడి దాకా దోషులని తేలి, మిలాన్‌ను రెండవ డివిజన్‌కు దించారు. ఇతనికి అప్పటికి ఇరవై ఏళ్ళు, తప్పు ఇతనిది కాదు. తిరిగి పైకి వచ్చి, 1982లో ఆట బాగాలేక మళ్ళీ దిగిపోయారు. ఆ ఏడాదే ప్రపంచ కప్పు గెలిచిన ఇటలీ బృందంలో ఇతనూ సభ్యుడే. అటువంటివాడు రెండవ డివిజన్ జట్టుకు కెప్టెన్‌గా నిలిచాడు. 1997 వరకు 20 సీజన్లు అక్కడే ఉన్నాడు. ఆ తరువాత ఇతని 6వ నంబరు చొక్కాను ఇంకెవరికీ ఇవ్వకూడదని క్లబ్బు తీర్మానించింది.

నయోమి ఇద్దరు కోడళ్ళకూ ఇంటికి వెళ్ళమనే చెప్పింది. ఓర్పా కన్నీళ్ళతో ముద్దుపెట్టుకుని వెళ్ళింది. గ్రంథం ఆమెను ఒక్క మాట అనలేదు. రూతు ఉండిపోయింది. ఓర్పా వెళ్ళడానికి వీలుండబట్టే రూతు ఉండడానికి అంత విలువ. బరేజీ నిలకడను మనం మెచ్చుకోవాలి. దాన్ని కొలబద్దగా చేసి మరొకడి వీపుమీద కొట్టకూడదు. ఉండడం బహుమానం. బహుమానాన్ని బాకీలాగా వసూలు చేయబోతే అది చేతిలోనే చచ్చిపోతుంది.

మైదానం నుంచి మళ్ళీ మా గుడి ముంగిట్లోకి వస్తాను. ఆ తరువాతి వారం నేను ఆ పెద్దమనిషినే అడిగాను: "అయ్యా, పదిహేనేళ్ళలో ఆయన ఎన్ని ఆదివారాలు వాయించి ఉంటాడు?" ఆయన వేళ్ళమీద లెక్కవేసి ఊరుకున్నారు. "పోనీ, ఆయన రాని ఆదివారాలు ఎన్ని?" అంటే, "ఒకసారి వాళ్ళమ్మ పోయినప్పుడు రాలేదు సార్" అన్నారు. కాసేపాగి, "మూడు నెలల ముందే ఫాదర్ గారికి చెప్పాడంటండీ. మనకే తెలియలేదు" అని కూడా అన్నారు.

ఇద్దరం గుడి వెనుక గదిలోకి వెళ్ళాం. పాటల పుస్తకాల బీరువా తాళంచెవి మేకుకు తగిలించి ఉంది. హార్మోనియం మీద దుప్పటి కప్పి ఉంది. బీరువా తెరిస్తే పుస్తకాలమీద ఒక కాగితం కనిపించింది. ఆగమన కాలపు నాలుగు ఆదివారాలకు ఏయే పాటలు పాడాలో, ఏ పాట ఏ శ్రుతిలో ఎత్తుకుంటే మన ఆడపిల్లల గొంతుకు సరిపోతుందో, ఆయన దస్తూరీతో రాసిపెట్టి ఉంది.